వరుస ప్రార్థనలో కుసుమ వంతు

పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ప్రార్థన చేసి మరీ పోతున్నాడు. అశోక్‌నగర్‌లో ఆ రెండు గదుల పోర్షనులో నాలుగు నెలలుగా ఇదే వరస. చెప్పులు విప్పడం, కుర్చీ అంచున కూర్చోవడం, "దేవుని చిత్తం అమ్మా" అనడం, కళ్ళు మూసుకోవడం. మంచం మీది మనిషిని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పడానికి మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆ పని కుసుమదీ, వాళ్ళమ్మ రాహేలమ్మదీ.

కుసుమ నాన్న దాసయ్య చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో బైండరు. సెప్టెంబరు ఆఖర్లో ఒకరోజు పుస్తకానికి అట్ట అంటిస్తూ అంటిస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పడిపోయాయి. కాలు కొద్దిగా వచ్చింది, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. చెయ్యి రాలేదు. మాటల్లో ఒక్కటే మిగిలింది: ఆమేన్. కాఫీ తాగుతావా నాన్నా అంటే ఆమేన్. దుప్పటి తీసెయ్యనా అంటే ఆమేన్. దోమలు కుడుతున్నాయా అన్నా అదే.

"నలభై ఏళ్ళు నోట్లో నానిన మాటమ్మా, అందుకే మిగిలింది," అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. "వారానికి మూడుసార్లు తీసుకురండి, ఇక్కడ చేతికి వ్యాయామం చేయిస్తారు. ఏడాదిలోపల ఎంత వస్తే అంత. మానేశారో, ఇక రాదు."

వారానికి మూడుసార్లు తెల్లవారుతూనే కుసుమ ఆయన్ని రిక్షాలో ఎక్కించి తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి, తల దువ్వుకునీ దువ్వుకోకుండానే నారాయణగూడ పరుగెత్తేది. అక్కడొక ప్రభుత్వ బాలికల పాఠశాలలో ఆమె లెక్కల టీచరు. వాళ్ళ వంశంలో డిగ్రీ చదివినది ఆమె ఒక్కతే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు గాని, ఏ కష్టం వచ్చినా అందరూ ఆమె మొహం వంకే చూస్తారు.

ఇలా ఉండగా అరవై తొమ్మిది జనవరిలో జీవో వచ్చింది. తెలంగాణ వాళ్ళకు రిజర్వు చేసిన ఉద్యోగాల్లో ఉన్న ఆంధ్రావాళ్ళనందరినీ ఫిబ్రవరి నెలాఖరుకల్లా పంపించేస్తారట, ఆంధ్ర జిల్లాల్లో పోస్టులు చూపిస్తారట. పదిహేనేళ్ళ నుంచి ఇక్కడే నివాసం ఉన్నట్టు ముల్కీ సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్ళ జోలికి రారు. దాసయ్య కుటుంబం తెనాలి నుంచి వచ్చింది యాభై ఏడులో. అంటే పన్నెండేళ్ళు. లెక్కల టీచరుకు ఆ తీసివేత ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చింది.

"ఏంది కుసుమా, గట్ల గోడ దిక్కు చూస్కుంట కూసున్నవ్?" అంది నళిని. సైన్సు టీచరు, నల్లకుంట పిల్ల, మూడేళ్ళుగా కుసుమతో అన్నం పంచుకు తినే మనిషి. పేరుకు బడి తెరిచే ఉంది గాని, వీధుల్లో ఊరేగింపులు, బస్సుల మీద రాళ్ళు. తరగతికి పదిమంది పిల్లలు కూడా రావడం లేదు. స్టాఫు రూము కిటికీలోంచి ఎదురు గోడ కనిపిస్తోంది. నాన్-ముల్కీ గో బ్యాక్ అని తారుతో రాసి ఉంది.

"ఆ అక్షరాలు చూస్తున్నాను. 'బ్యాక్'లో వత్తు సరిగా పెట్టలేదు."

"మా ప్రహ్లాదే రాసిండేమో మరి. వానికి చిన్నప్పటిసంది వత్తులు రావు." నళిని నవ్వి, డబ్బాలోంచి పచ్చిపులుసు ఆమె కంచంలో పోసింది. "తమ్ముడేమో మిమ్మల్ని పొమ్మని గోడలకు రాసుడు, అక్కేమో కూసోబెట్టి పులుసు పోసుడు. మంచిగున్నది మా ఇంటి ముచ్చట."

కుసుమ నవ్వలేదు. "నువ్వు చెప్పు నళినీ. నన్ను పొమ్మంటావా?"

నళిని చెయ్యి ఆగిపోయింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "నిన్ను పొమ్మన నాకు నోరెట్ల వస్తది? గని మా చెల్లె సులోచన బి.ఇడి. పాసై రెండేండ్లాయె. లెక్కలే. పోయిన సోమారం అడిగింది, మీ బడిల ఖాళీ అయితదా అక్కా అని. నేను మాట తప్పించిన." కంచం ఆమె వైపు జరిపి, "జర తిను. పులుసు మీద అలుగుతవా ఏంది?" అంది.

కుసుమకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. సులోచన మీద రాదు, నళిని మీద రాదు, జీవో మీద వచ్చి లాభం లేదు. మిగిలింది దేవుడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తనకు ఎవరూ నేర్పలేదు.

శుక్రవారం లోపల అందరూ ఫారం నింపి ఇవ్వాలని హెడ్‌మిస్ట్రెస్ పొద్దున్నే చెప్పింది. హైదరాబాదులో నివాసం ఎప్పటినుంచి, ఆధారం ఏమిటి. రెండే గళ్ళు.

గురువారం సాయంత్రం ఇంట్లో సంఘం కూడిక. చిక్కడపల్లి సందులో ఒక హాలు అద్దెకు తీసుకుని ఆదివారాలు ఆరాధన చేసుకునే చిన్న సంఘం వాళ్ళది. గురువారాలు మాత్రం ఒక్కొక్క వారం ఒక్కొక్కరి ఇంట్లో. ఆ రోజు ఏడుగురు వచ్చారు. అందరికీ పెద్ద విశ్వేశ్వరరావు గారు. సెక్రటేరియట్‌లో సెక్షన్ ఆఫీసరుగా రిటైరై దోమలగూడలో ఇల్లు కట్టుకున్నాడు. సంఘం రిజిస్టరు ఆయన బీరువాలోనే ఉంటుంది. ఆయన భార్య కమలాకుమారి గారు మంచి మనిషే గాని, ప్రార్థనలో ఎదుటివాళ్ళను దెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మొహం మీద అనలేనివన్నీ కళ్ళు మూసుకుని దేవుడికి చెబుతుంది.

చాప మీద అందరూ గుండ్రంగా సర్దుకున్నారు. దాసయ్యను గోడకు దిండు వేసి కూర్చోబెట్టారు. ప్రార్థనకు ముందు విశ్వేశ్వరరావు గారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"అమ్మాయీ, ఇదిగో. సంఘం లెటర్‌హెడ్ మీద రాయించాను. దాసయ్య కుటుంబము వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై మూడు నుండి మా సంఘములో సభ్యులు అని. తహశీలు ఆఫీసులో మన మనిషి ఉన్నాడు, ఇది చూపిస్తే సర్టిఫికెట్టు రాసిచ్చేస్తాడు. సంతకం ఒక్కటే మిగిలింది. ప్రార్థన అయ్యాక పెడతాను."

"మేం వచ్చింది యాభై ఏడులో కదండీ," అంది కుసుమ. "తెనాలి సంఘం వాళ్ళు ఇచ్చిన బదిలీ ఉత్తరం మీ రిజిస్టరులో అంటించే ఉంది."

"ఉంటే? ఆ రిజిస్టరు తీసి చూసేదెవరు? ఊళ్ళో సగంమంది ఇలాంటి కాగితాలు తెచ్చుకుంటున్నారు. నేనేం లంచం తిని రాస్తున్నానా? మీ నాన్న కోసం. ఆయన ఈ సంఘానికి ఎన్ని పాటల పుస్తకాలు ఉచితంగా కుట్టిపెట్టాడో నాకు తెలీదూ? దేవుడు తలుపు తెరిచినప్పుడు గొళ్ళెం ఎక్కడిది అని అడగకూడదమ్మా."

"నీకు పుణ్యం ఉంటుంది బాబూ," అంది రాహేలమ్మ. ఆమె కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి. కూతురు వైపు చూసిన చూపులో మాత్రం హెచ్చరిక ఉంది.

కుసుమ నాన్న వైపు చూసింది. అట్ట వంకరగా అంటితే ఊడదీసి మళ్ళీ అంటించే మనిషి ఆయన. ఏమంటాడు? దాసయ్య కాగితం వైపు చూస్తున్నాడు. చదివాడో లేదో తెలియలేదు.

వరుస ప్రార్థన మొదలైంది. కుడిపక్క నుంచి ఒక్కొక్కరే చేసుకుంటూ పోవాలి, ఎవరి వంతూ తప్పకూడదు. మొదట విశ్వేశ్వరరావు గారు. ఆయన ప్రార్థనలో రాజ్యాలు, అధికారులు, ఊళ్ళో అల్లర్లు, సంఘం హాలు పైకప్పు అన్నీ వచ్చాయి. చివరికి, "నీవు తెరచిన ఈ ద్వారము కొరకు స్తోత్రము తండ్రీ," అని ముగించాడు.

"ఆమేన్," అన్నాడు దాసయ్య, అందరికంటే గట్టిగా.

కుసుమకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఒక్క మాటకైనా ఆయన నోరు కట్టేసుకుంటే తనకు ఒక దారి దొరికేది. నాన్న దోమలకూ ఆమేన్ అనే మనిషైపోయాడు. అడిగేందుకు ఎవరూ మిగల్లేదు.

తరవాత కమలాకుమారి గారు. "ప్రభువా, చదువుకున్నామన్న గర్వం మా బిడ్డల్లోంచి తీసివెయ్యి తండ్రీ. పెద్దలు పెట్టిన అన్నంలో రాళ్ళు ఏరే బుద్ధి తీసివెయ్యి. కన్నతండ్రిని మంచాన పడేసి దూరదేశం పోయే కఠిన హృదయం..." ఇలా సాగింది. కుసుమ పళ్ళు బిగించి చాపలో ఊడిన పోగు లాగుతూ కూర్చుంది. తరవాత మిగిలిన ఐదుగురూ. తరవాత రాహేలమ్మ. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "మా అమ్మాయిని మా దగ్గరే ఉంచయ్యా," అని ఏడ్చింది.

కుసుమ వంతు వచ్చింది.

ఆమెకు ప్రార్థన చెయ్యడం రాక కాదు. ఆదివారం బడిలో నేర్చుకున్న వరస ఉంది: పొగడ్త, కృతజ్ఞత, పాపపు ఒప్పుకోలు, విన్నపం, ముగింపు. "కృపగల తండ్రీ," అని మొదలుపెట్టింది. "నీకు వందనాలు. ఈ సాయంకాలం కోసం వందనాలు. పెద్దలు తెచ్చిన ఈ..." అక్కడ ఆగింది. ఉత్తరం కోసం వందనాలు అనాలి. ఎప్పటినుంచి అని రాసిన ఉత్తరం? ఆ సంవత్సరం నాలిక మీదికి రాలేదు. తహశీల్దారుతో అనవచ్చు, హెడ్‌మిస్ట్రెస్‌తో అనవచ్చు. వాళ్ళకు తెలియదు. దేవుడికి తెలుసు.

గదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ప్రభువా," అంది కుసుమ మళ్ళీ. ఈసారి గొంతు వేరుగా ఉంది. "యాభై మూడులో నేను తెనాలిలో ఉన్నాను. నాలుగో తరగతి చదువుతున్నాను. ఆ సంగతి నీకు తెలుసు. విశ్వేశ్వరరావు గారికి కూడా తెలుసు."

"స్తోత్రం, స్తోత్రం!" అన్నాడు విశ్వేశ్వరరావు గారు గట్టిగా. అంతకంటే ఆయన చెయ్యగలిగింది లేదు. ప్రార్థన చేసేవాళ్ళు ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, అడ్డు మాట్లాడకూడదు. ఇన్నేళ్ళూ ఆయన కూడికల్లో గంటల కొద్దీ ప్రార్థన చేసింది ఆ కట్టుబాటు అండ చూసుకునే. ఇప్పుడది కుసుమకు దొరికింది.

"నువ్వు తలుపు తెరిచావంటున్నారు. నువ్వు తెరవలేదు. నాలుగు నెలల నుంచి నేను తలుపు కొడుతూనే ఉన్నాను, నువ్వు పలకలేదు. నాన్న చెయ్యి అడిగాను, ఇవ్వలేదు. మాట అడిగాను, ఒక్కటి వదిలి అన్నీ పట్టుకుపోయావు. ఈ జీవో ఆగాలని అడిగాను, ఆగలేదు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. మర్యాద కోసం ఇన్నాళ్ళూ పైకి అనలేదు."

"అయ్యో ప్రభువా," అని గొణిగింది కమలాకుమారి గారు. అది ప్రార్థనో కాదో ఆమెకే తెలియాలి.

"నళిని చెల్లెలు సులోచన రెండేళ్ళుగా ఉద్యోగం లేక కూర్చుంది. నేను ఈ కాగితం చూపిస్తే ఆ అమ్మాయి ఇంకా కూర్చుంటుంది. ఆ అమ్మాయీ నీకు మొక్కుకుంటుందో లేదో నాకు తెలియదు. నువ్వు మాత్రం ఆ అమ్మాయినీ చూస్తూనే ఉంటావు కదా." కుసుమ ఊపిరి పీల్చుకుంది. "ఇంకొకటి. యాభై మూడులోనే మా తమ్ముడు పోయాడు. కలరా వచ్చి. ఏడాదిన్నర పిల్లాడు. వాణ్ణి తెనాలిలోనే సమాధి చేశాం. నాన్న చేతులతో ఎత్తుకుపోయాడు. ఆ సంవత్సరం మేం హైదరాబాదులో ఉన్నామని రాసుకుంటే, వాడి దగ్గర ఎవరున్నట్టు?"

రాహేలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వాడి దగ్గర మేమున్నాం. నువ్వు కూడా ఉన్నావని అమ్మ ఇప్పటికీ అంటుంది. నాకది ఎప్పుడూ అర్థం కాలేదు గాని, అమ్మ అబద్ధం చెప్పదు. అందుకని నేను అలా రాయను. నన్ను పంపించేస్తారు. నేను పోతే వీళ్ళిద్దరికీ ఎలా గడుస్తుందో నాకు కనిపించడం లేదు. నీకు కనిపిస్తే కాస్త చూడు. నేను వెళ్ళే చోటికి నాతోపాటు రా, ఇక్కడ వీళ్ళ దగ్గర కూడా ఉండు. రెండు చోట్లా ఎలా ఉంటావో అది నీ పని." ఆగి, ఇంకేమీ తోచక, "అంతే," అంది.

ముగింపు మాటలు చెప్పడం మరిచిపోయింది. కళ్ళు తెరవాలో వద్దో తెలియక అందరూ అలాగే కూర్చున్నారు. కాసేపటికి దాసయ్య ఆమేన్ అన్నాడు. దానికేమీ అర్థం వెతుక్కోలేదు కుసుమ. విశ్వేశ్వరరావు గారికి చెప్పిన ఆమేన్ కూడా అంతే గట్టిగా ఉంది మరి.

ఒక్కటి మాత్రం ఆమెకు ఆశ్చర్యం కలిగించింది. ఇంత కోపంగా మాట్లాడితే భయం వేస్తుందనుకుంది. వెయ్యలేదు. నాలుగు నెలలుగా చక్కటి మాటలతో చేసిన ప్రార్థనలు గోడకు చెప్పినట్టుండేవి. ఇప్పుడు తిట్టినట్టే మాట్లాడితే, ఎదురుగా ఎవరో కూర్చుని, లేచిపోకుండా, అంతా విన్నట్టుంది.

విశ్వేశ్వరరావు గారు కాఫీ గ్లాసు ముట్టలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "పెద్దవాణ్ణి పట్టుకుని దేవుడి ముందు దొంగను చేశావు," అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. "చింపెయ్యనులే. నెలాఖరు దాకా ఉంటుంది. మనసు మారితే కబురు చెయ్యి."

ఆ మాటే కుసుమకు అన్నిటికంటే కష్టమనిపించింది. చింపేసి ఉంటే బాగుండేది.

తలుపు మూసీ మూయకముందే రాహేలమ్మ విరుచుకుపడింది. "ఎంత చదువు చదివావే! చచ్చిన పిల్లాణ్ణి తెచ్చి చాప మీద కూర్చోబెట్టావు నలుగురిలో! నువ్వు పోయాక మీ నాన్నని ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు? నువ్వు మాట్లాడిన నిజం తీసుకెళుతుందా?"

"నువ్వు తీసుకెళ్ళాలి."

"నేనా? మార్కెట్టు దాటి ఒక్కదాన్నే ఎప్పుడన్నా పోయానా? నా వల్ల కాదు."

"నా వల్లా కావడం లేదమ్మా. అయినా చేస్తున్నాను కదా!" అని అరిచింది కుసుమ. అరిచాక ఇద్దరూ చెరో మూలా కూర్చున్నారు. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. దాసయ్యకు మాత్రం ఇద్దరూ పోటీపడి కలిపి పెట్టారు.

శుక్రవారం కుసుమ ఫారం నింపింది. నివాసం, జూన్ యాభై ఏడు నుంచి. ఆధారం, సంఘం బదిలీ ఉత్తరం. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. "ఆలోచించుకున్నావా అమ్మా? ఇది పైకి పోయిందంటే మళ్ళీ నా చేతిలో ఉండదు."

"ఆలోచించానండీ. పెద్దాసుపత్రి ఉన్న ఊరు ఇప్పించమని కింద రాశాను. గుంటూరైతే మేలు, తరవాత నాన్ననీ అక్కడికే తీసుకెళ్ళచ్చు."

"రాయడానికేం, రాస్తారు," అని నిట్టూర్చి ఆమె ముద్ర వేసింది.

నళిని వరండాలో నిలబడి ఉంది. సంగతి అప్పటికే తెలిసిపోయినట్టుంది. "నువ్వు పోతే నేను సంబురపడాల్నా, ఏడ్వాల్నా? అదన్న చెప్పి పో," అంది చిరాగ్గా.

"నాకు తెలిస్తే నేనూ అదే చేసేదాన్ని," అంది కుసుమ.

సోమవారం ఆసుపత్రి రోజు. కుసుమ పొద్దున్నే నాన్నకు చొక్కా తొడిగి, కాగితాలు సంచిలో పెట్టి, ఆ సంచి అమ్మ చేతికిచ్చింది. "రిక్షా ఎక్కేదాకా నేనుంటాను. అక్కణ్ణించి నువ్వే."

రాహేలమ్మ మూడు రోజులుగా కూతురితో ముక్తసరిగా మాట్లాడుతోంది. సంచి మాత్రం పట్టుకుంది. ఎడంచేత్తో భర్త నడుం చుట్టూ పట్టుకుని మెట్టు దింపింది. దించడం వంకరగానే ఉంది. మోచెయ్యి కింద పట్టుకో అని అరవబోయి కుసుమ ఆగిపోయింది.

రిక్షా వచ్చి ఆగింది. లుంగీ, తలకు తువ్వాలు, గడ్డం మాసిన మనిషి. రాహేలమ్మ బిగుసుకుపోయింది. ఉర్దూలో ఏమనాలో రెండు రోజులుగా లోపల్లోపల వల్లె వేసుకుంటోంది. "పెద్ద... బడా దవాఖానా..." అంది. తరవాతది మరిచిపోయింది. మరిచిపోయిన కోపంలో తెలుగులోకి దిగింది. "ఆసుపత్రికయ్యా! గుంటలు చూసుకుని పో. ఈయనకు ఒళ్ళు స్వాధీనంలో లేదు. దబీమని ఎత్తేశావంటే ఊరుకోను."

"ఏమైంది పెద్దయ్యకు? పచ్చవాతమా?" అన్నాడు రిక్షా మనిషి, దిగి దాసయ్య రెండో పక్క పట్టుకుంటూ. "నెమ్మదిగ, నెమ్మదిగ. ఇగో, కాలు ఈడ పెట్టు పెద్దయ్యా."

రాహేలమ్మ నోరు తెరుచుకుని చూసింది. "నీకు తెలుగు వచ్చా?"

"రాకేమమ్మా? పాలమూరోన్ని. ఈడ రిక్షాలు తొక్కేటోల్లల్ల సగంమంది మా దిక్కోల్లే."

"పన్నెండేళ్ళు!" అంది రాహేలమ్మ, ఎవరితోనో తెలియకుండా. "పన్నెండేళ్ళ నుంచి వీళ్ళతో మాట్లాడటం రాదని ఇంట్లో కూర్చున్నాను." కూతురు వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పలేదేమే?" అని గద్దించింది. మూడు రోజుల్లో ఆమె కూతురితో పూర్తిగా అన్న వాక్యం అదొక్కటే.

రిక్షా కదిలింది. సందు మలుపులో ఒకసారి ఊగింది. రాహేలమ్మ గొంతు, "చూసుకో, చూసుకో నాయనా!" అని వినిపించింది. తరవాత వినిపించలేదు.

కుసుమ చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దారి పట్టింది. దుకాణాలు సగం మూసే ఉన్నాయి. ముషీరాబాద్ వైపు నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. ఆర్డరు ఎప్పుడు వస్తుందో, ఏ ఊరికి వేస్తారో తెలియదు. ఆ కాగితం ఇంకా దోమలగూడలో ఒక జేబులో ఉందని మాత్రం తెలుసు. ఫారం పోయినా నెలాఖరులోపల సర్టిఫికెట్టు తెస్తే చెల్లుతుందట, అందుకని అప్పటిదాకా రోజూ దాన్ని కాదనుకోవాలి. ఆ తలంపుతో మళ్ళీ ఒళ్ళు మండింది. "చూశావా, ఇదీ నా బతుకు. ఒక్కసారి కాదంటే చాలదట, రోజూ అనాలట," అంది లోలోపల. ఎవరితో అంటున్నదీ ఆమెకు తెలుసు. ఆయన జవాబివ్వలేదు. నడక తగ్గించకుండా, గురువారం ఆపిన చోటి నుంచి ఫిర్యాదు మళ్ళీ మొదలుపెట్టింది.